హంతకుడి చిన్నతనం రాయాలంటే: హారర్ ప్రీక్వెల్ స్క్రిప్ట్‌కి పనికొచ్చే కొన్ని పద్ధతులు

ప్రీక్వెల్ అంటే ఇంతకుముందు వచ్చిన సినిమా కథకి ముందు జరిగిన కథ. దాంతో వచ్చే పెద్ద చిక్కు, ఈ పిల్లాడు చివరికి ఏమవుతాడో ప్రేక్షకుడికి టికెట్ కొనకముందే తెలిసిపోయి ఉంటుంది. కాబట్టి ఏం జరుగుతుందోనన్న టెన్షన్ మీకు దొరకదు. ‘అయ్యో, ఎవరైనా ఆపి ఉండొచ్చు కదా’ అనే బాధ మీదే కథ నడవాలి. అందుకే రాయడం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఆ పిల్లాడి చుట్టూ ఉన్న పెద్దవాళ్లందరినీ రాసుకోండి. ఒక్కొక్కరి ఎదురుగా వాళ్లు ఏం చూశారు, చూసి కూడా ఎందుకు ఊరుకున్నారు అన్నది రాయండి. నాకైతే సగం కథ ఆ కాగితం మీదే దొరుకుతుంది.

తర్వాత రెండు సినిమాలు వెంటవెంటనే చూడండి. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’లో మైకేల్ మయర్స్ బాల్యం మొదటి కొన్ని నిమిషాల్లోనే అయిపోతుంది. కెమెరానే హంతకుడి కళ్లు. వంటింట్లో కత్తి తీసుకుని మేడ ఎక్కుతుంది, మాస్కు తగిలించుకున్నాక మనం కూడా ఆ రెండు కన్నాల్లోంచే చూస్తాం, అక్కను పొడిచి బయటికి వచ్చాక తండ్రి ఆ మాస్కు తీస్తే లోపల ఉన్నది జోకర్ బట్టల్లో ఉన్న ఆరేళ్ల పిల్లాడు. ఎందుకు చేశాడో ఒక్క ముక్క కూడా చెప్పరు. 2007లో రాబ్ జాంబీ అదే కథను మళ్లీ తీస్తూ పదేళ్ల మైకేల్ చుట్టూ చాలాసేపు తిరిగాడు: ఇంట్లో తిట్టే మగవాడు, స్కూల్లో ఏడిపించే పిల్లలు, చంపిన జంతువులు. పిల్లాడి మీద జాలి కలుగుతుంది, కానీ భయం మాత్రం తగ్గిపోయింది. కారణాలు పేర్చుకుంటూ పోతే జరిగేది ఇదే.

పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువులను హింసించడం ఈ మూడూ ఉన్న పిల్లాడు పెద్దయ్యాక హంతకుడవుతాడనే ఫార్ములా 1963లో మెక్‌డొనాల్డ్ అనే సైకియాట్రిస్ట్ రాసిన వ్యాసం నుంచి పాకింది. తర్వాతి పరిశోధనల్లో అది నమ్మదగ్గ సూచనగా నిలబడలేదు. పక్క తడిపే పిల్లల్ని హంతకుల ఖాతాలో వేయకండి, ఆ పిల్లలు కూడా సినిమాలు చూస్తారు.

అసలు మనిషి గురించి చదవాలంటే ఎడ్ గీన్ అనే నిజమైన అమెరికన్ హంతకుడి గురించి చదవండి. విస్కాన్సిన్‌లో ప్లెయిన్‌ఫీల్డ్ దగ్గర పొలం, తాగుబోతు తండ్రి, లోకమంతా పాపమని బైబిల్ చదివి వినిపించే తల్లి అగస్టా, పిల్లలు ఎవరితో స్నేహం చేసినా ఆమెకు పడేది కాదు. 1945లో ఆమె పోయింది. 1957లో పోలీసులు ఆ ఇంట్లోకి వెళ్లేసరికి ఇల్లంతా చెత్త, కానీ మూసేసి ఉంచిన అమ్మ గదులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే శుభ్రంగా ఉన్నాయి. ‘సైకో’, ‘టెక్సస్ చైన్ సా మాసకర్’ సినిమాలు రెండింటికీ ప్రేరణ ఈ మనిషే. మీ స్క్రిప్ట్‌కి కావాల్సింది అలాంటి గది ఒక్కటి. దెబ్బల సీన్లు పది రాసినా ఆ మూసిన తలుపుతో సమానం కావు.

నా మొదటి డ్రాఫ్ట్‌లో తండ్రి కొట్టే సీన్లే మూడు ఉండేవి. చదివిన ఫ్రెండు, ‘పిల్లాణ్ని చూస్తే పాపం అనిపిస్తోంది రా, భయం ఎక్కడుంది?’ అన్నాడు. ఆ మూడూ తీసేసి ఒకటే రాశాను. పక్కింటి ఆంటీ గిన్నె తిరిగివ్వడానికి వస్తుంది, పిల్లాడి చేతి మీద ఎర్రటి గీతలు చూస్తుంది.

‘ఏంట్రా ఆ చెయ్యి?’

‘పిల్లి రక్కింది ఆంటీ.’

‘డెటాల్ రాసుకో నాన్నా.’

అంతే, సీరియల్ టైమైందని వెళ్లిపోతుంది. రెండు రోజులుగా తన పిల్లి కనబడక వీధంతా వెతుకుతున్నది ఆమే. ఆ సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిసేలా చూసుకోండి, సీన్లో మాత్రం ఎవరి నోటా రానివ్వకండి.

ఇక ఎక్కడ ఆపాలి అన్నది. మొదటి హత్య దాకా వెళ్లక్కర్లేదు. ఆంటీ మళ్లీ వస్తుంది, ఈసారి ‘మా పిల్లిని ఎక్కడైనా చూశావా నాన్నా?’ అని అడుగుతుంది, పిల్లాడు తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, ‘లోపలికి రండి ఆంటీ, చూపిస్తాను’ అంటూ తలుపు పూర్తిగా తెరుస్తాడు. అక్కడ కట్ చేయండి.