డాప్లర్ నివేదికను చదవడం – నాలుగవ పాఠం: గజ్జల హెర్నియా ఆపరేషన్ తరువాత వృషణ రక్తప్రసరణ

గత పాఠంలో డాప్లర్ (రక్తం ప్రవహించే వేగాన్ని కొలిచే అల్ట్రాసౌండ్ పరీక్ష) తరంగ రేఖ మీద గుండె సంకోచించినప్పటి గరిష్ఠ వేగాన్ని, వ్యాకోచం ముగిసే క్షణంలోని వేగాన్ని గుర్తించడం నేర్చుకున్నాము. ఆ రెండు అంకెలతోనే, గజ్జల హెర్నియాకు ఆపరేషన్ జరిగిన వ్యక్తి వృషణంలో రక్తప్రసరణ ఎలా ఉన్నదో చదవడం నేటి పాఠం. హెర్నియాను వరిబీజంగా పొరబడేవారు చాలామంది కనుక, ఆపరేషన్ దేనికి జరిగిందో నివేదిక పైభాగంలో ముందుగా చూసుకోవాలి.

వృషణ ధమని మూత్రపిండ ధమనులకు కాస్త దిగువన బృహద్ధమని నుంచి పుట్టి, పెద్దవారిలో సుమారు 4 సెంటీమీటర్ల పొడవుండే గజ్జ నాళం గుండా, వీర్యనాళంతోనూ సిరల అల్లికతోనూ కలిసి స్పెర్మాటిక్ కార్డ్ అనే ఒకే కట్టగా కిందికి దిగుతుంది. గజ్జ నాళపు లోపలి ద్వారం గుండా దిగే పరోక్ష హెర్నియాలో పేగు జారే సంచి ఈ కట్టలోనే అతుక్కుని ఉంటుంది కనుక, సర్జన్ దానిని రక్తనాళాల నుంచి విడదీయక తప్పదు. పైగా గజ్జ గోడను మెష్ అనే వలతో బలపరిచే లిక్టెన్‌స్టైన్ పద్ధతిలో, ఆ మెష్‌కు చీలిక పెట్టి కార్డ్ చుట్టూ అమర్చుతారు, ఆ చీలిక మరీ బిగుతైతే కార్డ్ నొక్కుకుపోతుంది.

ఇక్కడ కొత్తవారు ధమని గురించే భయపడతారు. నిజానికి వృషణానికి వీర్యనాళపు ధమని, క్రిమాస్టర్ ధమని కూడా కొంత రక్తాన్ని అందిస్తాయి కనుక, ప్రధాన ధమని దెబ్బతిన్నా కొన్నిసార్లు వృషణం నిలబడుతుంది. పలుచని గోడలు గల సిరలకు అటువంటి ధీమా తక్కువ: కార్డ్‌ను ఎక్కువగా విడదీసినప్పుడు వాటిలో రక్తం గడ్డకట్టి, బయటికి పోవలసిన రక్తం లోపలే నిలిచి, వృషణం వాచి గట్టిపడుతుంది. ఇస్కీమిక్ ఆర్కైటిస్ అనే ఈ స్థితి అరుదైనదే. సాధారణంగా ఆపరేషన్ అయిన మొదటి కొద్ది రోజుల్లో నొప్పితో బయటపడి, కొందరిలో నెలల తరువాత వృషణం కుంచించుకుపోవడానికి దారితీస్తుంది. మళ్లీ వచ్చిన హెర్నియాకు రెండవసారి ఆపరేషన్ చేసినప్పుడు మచ్చ కణజాలం వల్ల ఈ ప్రమాదం పెరుగుతుంది.

బయటికి దారి మూసుకుపోతే ముందుగా తగ్గేది వ్యాకోచ వేగం. అందుకే నిరోధక సూచిక లెక్కించాలి: గరిష్ఠ వేగం నుంచి వ్యాకోచాంత వేగాన్ని తీసివేసి, వచ్చినదానిని గరిష్ఠ వేగంతోనే భాగించాలి. ఆపరేషన్‌కు ముందు గరిష్ఠ వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు, వ్యాకోచాంత వేగం 4 సెంటీమీటర్లు ఉంటే సూచిక 0.6, మరునాడు అవే 10, 3 ఉంటే 0.7. వృషణం లోపలి ధమనుల్లో సుమారు 0.5 నుంచి 0.75 వరకు సాధారణమే కనుక, వాపు వల్ల వచ్చిన ఇంత చిన్న పెరుగుదలను చూసి కంగారు పడనక్కరలేదు. అది తరచుగా తాత్కాలికమే. ఒక్క అంకెను విడిగా చదవడం కన్నా, అదే వ్యక్తి రెండవ వృషణంతోనూ, ఆపరేషన్‌కు ముందటి నివేదికతోనూ పోల్చడం ఎంతో నమ్మదగినది. యంత్రాన్ని నెమ్మది ప్రవాహానికి సరిచేయకపోతే, ఉన్న రక్తం కూడా లేనట్టు కనిపిస్తుందని మరవకండి.

అభ్యాసం: మూడవ రోజు నొప్పి పెరిగిన వ్యక్తికి కుడివైపు 8, 0, ఎడమవైపు 12, 4.8 వచ్చాయి. రెండు సూచికలను లెక్కించి, ఏ వైపు రక్తం నిలిచిపోతున్నదో రాయండి. జవాబు వచ్చే పాఠంలో ఇస్తాము. కానీ నిజంగా ఇటువంటి నివేదిక చేతికొస్తే ఆ పాఠం కోసం ఆగకుండా, అదే గంటలో సర్జన్‌కు చూపించాలి.