లాన్లు, మొక్కల పనిచేసే చిన్న జట్టుకు ఆరోగ్య బీమా: రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి యజమానుల కోసం

ఈ వైపు లాన్లు పరిచే, హెడ్జ్ కత్తిరించే, కొబ్బరిచెట్లు శుభ్రం చేసే జట్టులో మామూలుగా ఐదుగురి నుంచి పన్నెండు మంది దాకా ఉంటారు. వాళ్లలో కొందరి రేషన్ కార్డు ఒడిశాది, మిగతావాళ్లది పాతపట్నం వైపుదో పార్వతీపురం వైపుదో. అందర్నీ ఒకే పాలసీలో వేసేసి చేతులు దులుపుకుందామనుకుంటే డబ్బు వృథా అవుతుంది. ఎవరికి ఇప్పటికే ఏముందో తేలాకే ఏం కొనాలో తెలుస్తుంది.

కాబట్టి ముందు ఒక కాగితం మీద గళ్లు గీయండి: ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టు పేరు, వయసు, రేషన్ కార్డు ఏ రాష్ట్రానిది, అందులో ఎవరెవరి పేర్లున్నాయి, ఆయుష్మాన్ కార్డు తీశారా లేదా, బ్యాంకు ఖాతా, రోజుకూలి, బీపీ షుగర్ ఉన్నాయా. ఎక్కువ తిప్పలు పెట్టేది పేరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా ఆఫీసుల్లో అది చివరికి పోతుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, రేషన్ కార్డులో పూర్తిగా. ఒకచోట ‘అప్పారావు’ ఒకే మాట, ఇంకోచోట రెండు ముక్కలు. ఈ తేడాతో కార్డు దరఖాస్తు ఆగిపోతుంది, క్లెయిమ్ కూడా ఆగుతుంది. పెళ్లై వచ్చిన ఆడవాళ్ల పేరు ఇంకా పుట్టింటి రేషన్ కార్డులోనే ఉండిపోవడం కూడా తరచూ కనిపిస్తుంది. ఇవి ఆరోగ్యం బాగున్నప్పుడే సరిచేయించాలి.

ఒడిశా రేషన్ కార్డున్నవాళ్లు, జాతీయ ఆహార భద్రత చట్టం కిందివాళ్లైనా రాష్ట్ర ఆహార భద్రత పథకం కిందివాళ్లైనా, ఆయుష్మాన్ భారత్ - గోపబంధు జన ఆరోగ్య యోజనలోకి వస్తారు. 2025 ఏప్రిల్‌లో పాత బిజు స్వాస్థ్య కల్యాణ యోజన స్థానంలో వచ్చిందిది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లోని ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. పాత జబ్బులకూ మొదటిరోజు నుంచే వర్తిస్తుంది. కార్డు ఇంటికొకటి కాదు, మనిషికొకటి. ఆధార్‌కి లింకైన ఫోను, వేలిముద్ర ఉంటే ఆయుష్మాన్ యాప్‌లోనో దగ్గర్లోని సేవా కేంద్రంలోనో తీయవచ్చు. మట్టిపని చేసి వేలిముద్రలు అరిగినవాళ్లకి యంత్రం పట్టదు. ముఖం చూసో ఓటీపీతోనో చేయమని అడగండి.

ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది, ఆ ఆసుపత్రి పథకంలో చేరి ఉంటేనే. మనవాళ్లు గట్టి జబ్బైతే విశాఖపట్నమో శ్రీకాకుళమో పరిగెత్తుతారు కనుక, అక్కడ ఏ ఆసుపత్రి, ఏ విభాగానికి జాబితాలో ఉందో ముందే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి రాసిపెట్టుకోండి. గుండెకు చేరిన ఆసుపత్రి ఎముకలకు చేరి ఉండకపోవచ్చు. ఆంధ్రా కార్డున్న మనిషిది వేరే లెక్క. ఎన్టీఆర్ వైద్య సేవ అతని రాష్ట్రం ఇచ్చేది, ఒడిశా ఆసుపత్రిలో అది నడుస్తుందన్న ధీమా వద్దు. అతనికి ఆయుష్మాన్ అర్హత కూడా ఉందేమో విడిగా చూడాలి.

ఆయుష్మాన్ కార్డులు చేయనివి కూడా తెలియాలి. ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తాయి. చేరేముందు 3 రోజులు, ఇంటికొచ్చాక 15 రోజుల ఖర్చు కలుస్తుంది, అంతే. పోయిన కూలి వీటితో రాదు. ఈ అడవి జిల్లాల్లో మలేరియా మామూలు గనుక, జ్వరమొస్తే ప్రైవేటు క్లినిక్కుల్లో డబ్బు పోయకుండా ఆశా కార్యకర్త దగ్గరో ప్రభుత్వ ఆసుపత్రిలోనో రక్తపరీక్ష చేయించండి. మందూ అక్కడే ఉచితం. అన్నట్టు, ఈ-శ్రమ్ కార్డు చూపించి ‘మాకు బీమా ఉంది సార్’ అనేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. అది అసంఘటిత కార్మికుల నమోదు కార్డు. దాంతో ఆసుపత్రి బిల్లు తీరదు.

ఇక మీ నెత్తిన పడేది పనిలో ప్రమాదం. బ్రష్ కట్టర్ విసిరిన గులకరాయి కంట్లో తగలడం, కొబ్బరిచెట్టు మీంచి పడటం, పురుగుమందు కొడుతుంటే గాలి ఎదురు తిరగడం, గడ్డిలో పాము. ఇలాంటివాటికి పరిహారం యజమాని బాధ్యత. 1923 నాటి చట్టంలోని ఈ బాధ్యత ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉంది; ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చింది. లెక్క ఇది: నెలజీతంలో సగాన్ని వయసును బట్టి వచ్చే అంకెతో గుణించాలి. నెలకు 12,000 సంపాదించే ముప్పై ఏళ్ల మనిషి చనిపోతే 6,000 × 207.98, అంటే 12,47,880 రూపాయలు. శాశ్వతంగా పనికి దూరమైతే సగం బదులు 60 శాతం, అది 14,97,456. చిన్న నర్సరీ వ్యాపారం దీన్ని తట్టుకోలేదు. అందుకే లేబర్ పాలసీ, ఏజెంట్లు డబ్ల్యూసీ పాలసీ అనేది, మిగతా వాటికంటే ముందు తీసుకోవాలి.

దాని దరఖాస్తులో మూడు చోట్ల తప్పు జరుగుతుంది. మొదటిది మనుషుల సంఖ్య: ప్రీమియం తగ్గుతుందని ఆరుగురిని రాసి, వానాకాలం మొక్కలు నాటేటప్పుడు పదకొండు మందిని దించితే క్లెయిమ్‌లో గొడవ తప్పదు. ఎక్కువ పని ఉండే నెలల లెక్కే రాయండి. రెండోది కూలి: నిజంగా ఇచ్చేది రాయాలి, హాజరు పుస్తకం దానికి సరిపోవాలి; రోజూ సంతకమో వేలిముద్రో ఉండాలి. మూడోది పని వివరం. ‘తోటపని’ అని రాసి ఊరుకోవద్దు. చెట్లెక్కడం, కొమ్మలు నరకడం, యంత్రంతో గడ్డి కోయడం, పురుగుమందు కొట్టడం, అన్నీ పేరుపేరునా రాయించండి. చెట్టెక్కడానికి ఒక్కరోజు పిలిచే మనిషి కూడా లెక్కలోకి రావాలి, ఎక్కువగా పడేది అతనే. వైద్య ఖర్చులు చాలా పాలసీల్లో విడిగా అడిగి చేర్చుకోవాలి.

పదిమంది, అంతకంటే ఎక్కువమంది ఉంటే ఈఎస్ఐ, అంటే జీతంలోంచి చందా కట్టే కార్మికుల ప్రభుత్వ బీమా, తప్పనిసరి. నెలకు 21,000 లోపు జీతమున్నవాళ్లకి యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం. 12,000 జీతానికి మీది 390, అతనిది 90. మరుసటి నెల 15లోగా కట్టాలి. పదికంటే తక్కువమంది ఉన్నా, కార్మికులు ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరే వీలు కొత్త కోడ్‌లో ఉంది. మా లెక్కలో ఇదే అన్నిటికంటే గట్టిది: బయటి వైద్యం, కుటుంబం, పైగా పనిలో దెబ్బతగిలితే మొదటిరోజు నుంచి కూలిలో దాదాపు 90 శాతం. మామూలు జబ్బుకైతే 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా. దానికి ఆరునెలల కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. ఈఎస్ఐలో ఉన్న మనిషికి లేబర్ పాలసీ అక్కర్లేదు. చిక్కల్లా డిస్పెన్సరీ దూరం. మనుషులుండే ఊరికి అది అరగంటలో లేకపోతే వాళ్లు వాడరు, చందా మాత్రం పోతుంది. చేరేముందు ఆ దూరం చూసుకోండి. నమోదు పనిలో చేరినరోజే జరగాలి. ప్రమాదం జరిగిన రోజు చేసిన నమోదును అధికారులు అనుమానంతోనే చూస్తారు.

ఏ కార్డుకీ అర్హత లేనివాళ్లకి, ముఖ్యంగా మీకు, విడిగా పాలసీ కావాలి. అన్ని కంపెనీలూ ఒకే నియమాలతో అమ్మే ఆరోగ్య సంజీవని పోల్చి చూడటానికి తేలిక. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మీరు భరించాలి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు 5,000 మించదు. ఈ గది పరిమితే మోసం చేస్తుంది: 8,000 గదిలో చేరితే మందులు, పరీక్షలు, పరికరాల్లాంటివి తప్ప మిగతా బిల్లూ అదే నిష్పత్తిలో కోస్తారు. ఆ మిగతా బిల్లు 80,000 అయితే ఎనిమిదింట ఐదు వంతులు, 50,000. అందులో 5 శాతం పోగా చేతికొచ్చేది 47,500. ప్రమాదాలకు తప్ప మొదటి 30 రోజులు ఏమీ రాదు, బరువులెత్తేవాళ్లకి వచ్చే హెర్నియాకు 24 నెలలు ఆగాలి. షుగర్ దాచి తీసుకోవద్దు. వ్యక్తిగత, కుటుంబ పాలసీలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. జట్టంతటికీ కలిపి తీసే గ్రూపు పాలసీకి మాత్రం 18 శాతం ఉంది, పైగా కంపెనీలు సాధారణంగా కనీసం ఏడుగురిని అడుగుతాయి. గ్రూపులో పాత జబ్బులకు మొదటిరోజు నుంచే వర్తించేలా రాయించుకునే వీలుంది. నలభై దాటినవాళ్లు ఎక్కువున్న జట్టుకి ఆ పన్ను కట్టినా నష్టం లేదు.

ఖాతా ఉన్న ప్రతివాడికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా పెట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకి. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. పాముకాటు, చెట్టు మీంచి పడటం కూడా ఇందులోకి వస్తాయి, కాకపోతే వెంటనే ఆసుపత్రిలో చేరినట్టు కాగితం ఉండాలి. నాటువైద్యం చేయించి మరునాడు ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ కాగితం రాదు, చాలాసార్లు మనిషీ దక్కడు.

ప్రమాదం జరిగిన పూట అత్యవసర విభాగంలో డాక్టరు కేసుషీటు రాసేటప్పుడు పక్కనే నిలబడండి. ‘కింద పడ్డాడు’ అని కాకుండా ‘పనిచేస్తుండగా కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు’ అని, టైముతో సహా రాయించండి. తాగి ఉంటే అదీ రాస్తారు. అలా రాస్తే చాలా పాలసీలు పైసా ఇవ్వవు, అందుకే మందు వాసనొచ్చే మనిషిని ఆరోజు చెట్టెక్కించొద్దు. మెడికో-లీగల్ కేసు (ఆసుపత్రి పోలీసులకు తెలిపే కేసు) నంబరు అడిగి తీసుకోండి, ఆ రోజు హాజరు పేజీ ఫోటో తీయండి, 24 గంటల్లో బీమా కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు రాసుకోండి. డిశ్చార్జి కాగితం, బిల్లులు, మందుల చీటీలు అసలువే దాచండి. జిరాక్సులతో పని జరగదు.

సురక్షా బీమా ఏడాది మే 31తో ముగుస్తుంది, ఖాతాలో 20 రూపాయలు లేక చాలామందిది అక్కడే ఆగిపోతుంది. మే నెల కూలి ఇచ్చేటప్పుడు ఖాతాలు చూడమని చెప్పండి. సంక్రాంతికి ఊళ్లకెళ్లినవాళ్లలో కొందరు తిరిగిరారు, కొత్తవాళ్లు చేరతారు. ఆ వారమే గళ్ల కాగితం మళ్లీ రాసి, లేబర్ పాలసీ కంపెనీకి మారిన లెక్క రాతపూర్వకంగా పంపండి.