గజ్జల్లో నొప్పి: ఏది ఆగుతుంది, ఏది ఆగదు (నాలుగో పాఠం)

పోయిన పాఠంలో మూత్రం రంగు చూసి ఒంట్లో నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడం నేర్చుకున్నాం. వారం రోజులు కాగితం మీద రాసుకున్నవాళ్లు దాన్ని పారేయొద్దు, ఈరోజు ఒకచోట అక్కరకొస్తుంది. ఈ పాఠం బొడ్డు కింది భాగం గురించి. గజ్జల్లో, వృషణాల్లో నొప్పో వాపో కనిపిస్తే ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు నిదానంగా చూపించుకోవచ్చు అన్నది నేర్చుకుందాం.

ఆదోనిలో మందుల షాపులో ఇరవై ఏళ్లు నిలబడినవాణ్ని. ఈ బాధతో వచ్చినవాడు తొందరగా నోరు విప్పడు. ఆడవాళ్లు ఎవరైనా ఉంటే పక్కకు జరిగి సెల్లు చూసుకుంటాడు. వాళ్లు పోయినాక గొంతు తగ్గించి "అన్నా, ఒక ట్యూబు ఇయ్యి" అంటాడు. దేనికని అడిగితే "ఫ్రెండుకు" అంటాడు. ఆ ఫ్రెండును నేను ఇంతవరకు చూడలేదు.

మొదటి ప్రశ్న: నొప్పి ఎన్ని గంటలకు మొదలైంది? "రాత్రి నుంచి" అంటే చాలదు. గడియారం టైము కావాలి. ఎందుకో నా తప్పుతోనే చెప్తాను. ఒకరోజు పొద్దున ఏడింటికి షాపు తెరుస్తుంటే ఒకాయన వచ్చి "పిల్లోనికి కడుపునొప్పి, వాంతి కూడా అయింది" అన్నాడు. పిల్లోనికి పద్నాలుగేళ్లు. గ్యాసు మాత్ర ఇచ్చి పంపాను. నొప్పి ఎక్కడని అడగలేదు. వాడు తండ్రికి చెప్పుకోలేక కడుపు అన్నాడు. అసలు నొప్పి కింద, ఎడమ వృషణంలో. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చిందట. మధ్యాహ్నానికి సంచి ఎర్రగా ఉబ్బితే అప్పుడు కర్నూలు తీసుకుపోయారు. ఆ వృషణం తీసేయాల్సి వచ్చింది.

జరిగిందేమంటే, వృషణం సంచిలో ఒక తాడుకు వేలాడుతుంటుంది. దానికి రక్తం వచ్చేది ఆ తాడులోంచే. కొందరికి పుట్టుకతోనే సంచి గోడకు పట్టు సరిగా ఉండదు, గుడిగంట నాలుకలాగా ఊగుతుంటుంది. ఊగీ ఊగీ ఒకసారి తాడు మెలిపడితే రక్తం ఆగిపోతుంది. ఏ వయసులోనైనా రావచ్చు గానీ 12 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో ఎక్కువ. నిద్రలోనే మొదలుకావచ్చు. 6 గంటల్లోపు మెలి విప్పితే చాలామటుకు దక్కుతుంది. ఆపైన గంటగంటకు ఆశ తగ్గుతుంది, 24 గంటలు దాటితే దక్కడం అరుదు.

ఇప్పుడు లెక్క వేయండి. నాలుగింటికి మొదలైతే పదింటికి ఆరు గంటలు. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. నా గ్యాసు మాత్ర పని చేస్తుందేమోనని ఇంట్లో కూర్చున్న ప్రతి నిమిషమూ ఆ ఆరు గంటల్లోంచే పోయింది. కాబట్టి ఉన్నట్టుండి వృషణం నొప్పి వస్తే, వాంతి తోడైనా కాకపోయినా, వెంటనే 108కు ఫోన్ చేయండి, లేదంటే దొరికిన బండి ఎక్కండి. యూరాలజిస్టే (మూత్రం, మగ అవయవాల జబ్బులు చూసే డాక్టరు) కావాలని వెతుక్కుంటూ తిరగొద్దు, ఆపరేషన్ చేయగల సర్జన్ ఉన్న ఎమర్జెన్సీ చాలు. దారిలో ఏమీ తినొద్దు, తాగొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. నొప్పి దానంతటదే తగ్గిపోయినా చూపించాల్సిందే. మెలి పడి విడిపోయిన తాడు మళ్లీ పడొచ్చు.

రెండో ప్రశ్న: నొప్పి మెల్లగా పెరిగిందా? ఒకటి రెండు రోజుల్లో పెరుగుతూ, మూత్రం మంట, జ్వరం కూడా ఉంటే వృషణం వెనకాల ఉండే గొట్టానికి ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు. ఆరోజే, లేదంటే మర్నాడు డాక్టరుకు చూపించాలి. ఇది పడక సంబంధంగా వచ్చిందని డాక్టరు తేలిస్తే అవతలి మనిషికీ మందు పడాలి. లేకుంటే మళ్లీ అంటుకుంటుంది. అయితే మెలిపడిందా, ఇన్ఫెక్షనా అన్నది మనం ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. అనుమానం వస్తే మెలి అనుకునే బయల్దేరాలి.

నడుము పక్కనుంచి మొదలై గజ్జలోకి, వృషణంలోకి దిగే నొప్పి ఇంకో రకం. వృషణాన్ని ముట్టుకుంటే నొప్పి ఉండదు, మనిషి మాత్రం కుదురుగా కూర్చోలేడు. ఇది కిడ్నీ రాయి కావచ్చు. మూత్రం రంగు రాసుకున్న మీ పాత కాగితం డాక్టరుకు చూపించాల్సింది ఇక్కడే. చలిజ్వరం కూడా వస్తే ఆరోజే ఆసుపత్రి.

ఇక చేతిపని. నెలకోసారి, వేడినీళ్ల స్నానం అయినాక, నిలబడి ఒక్కో వృషణాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య మెల్లగా దొర్లించండి. పెంకు తీసిన ఉడికిన గుడ్డులా నున్నగా ఉండాలి. ఒకటి కొంచెం కిందికి వేలాడుతుంది, మామూలే. వెనకాల మెత్తటి తాడులాంటిది తగులుతుంది, దాన్ని చూసి చాలామంది గడ్డ అని భయపడతారు. భయపడాల్సింది వృషణం మీదే శనగగింజంత గట్టిది తగిలితే. నొప్పి లేదు కదా అని వదిలేసేది దీన్నే. వృషణ క్యాన్సర్ చాలాసార్లు నొప్పి లేకుండానే మొదలవుతుంది, అదీ పడుచు వయసులో. వారంలోపు యూరాలజిస్టు దగ్గరికి పోతే స్కానింగ్, రక్తపరీక్షలతో తేలుస్తారు.

సంచి మొత్తం ఉబ్బి, చీకట్లో టార్చి పెడితే ఎర్రగా వెలుగు కనిపిస్తే అది నీరు, వరిబీజం. తొందరలేదు, కానీ చూపించుకోవాలి. దగ్గినప్పుడు గజ్జలో ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేది హెర్నియా. పత్తి బస్తాలు ఎత్తే మన మార్కెట్‌యార్డు మనుషుల్లో చాలామంది దీన్ని పంచె బిగించి దాచుకుంటారు. దీనికి జనరల్ సర్జన్ చాలు. కానీ అది లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు వస్తే అదీ గంటల లెక్కే. కాలికి పుండైనప్పుడు గజ్జల్లో బిళ్ళ కడుతుంది, పుండు మానితే అదీ తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే చూపించండి.

దురద, తామర అయితే యూరాలజిస్టు అక్కర్లేదు, చర్మం డాక్టరు చాలు. స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు నేనూ అమ్మినాను. పూసినప్పుడు చల్లగా ఉంటుంది, ఆపితే రెండింతలు పాకుతుంది. అంగం ముందు చర్మం మాటిమాటికీ వాచి, పగులుతుంటే షుగర్ పరీక్ష చేయించండి. వెనక్కి లాగిన చర్మం ముందుకు రాకుండా బిగుసుకుంటే ఆరోజే పోవాలి. మూత్రంలో నెత్తురు ఒక్కసారి పడినా, నొప్పి లేకున్నా, యూరాలజిస్టుకు చూపించాలి.

అభ్యాసం: "కింద కొంచెం ఇబ్బందిగా ఉంది సార్" అంటే ఓపీలో డాక్టరుకు ఏమీ తెలియదు. ఏ పక్క, ఎప్పటి నుంచి, ఇంకేముంది, ఈ మూడూ ఒకే మాటలో రాయండి. "ఎడమ వృషణం వెనక, సోమవారం నుంచి నొప్పి, మూత్రం మంట, రాత్రి జ్వరం." ఇట్లా. వృషణం అనడం నోరు తిరగకపోతే ఇంట్లో ఏమంటారో అదే అనండి, డాక్టర్లకు అన్నీ తెలుసు. తలుపేసుకుని రెండుసార్లు పైకి చదవండి. ఇంట్లో పదేళ్లు దాటిన మగపిల్లోడు ఉంటే, అక్కడ నొప్పి వస్తే అర్ధరాత్రైనా నన్ను లేపమని ఈ రాత్రే చెప్పండి. వచ్చే పాఠం యాభై దాటినవాళ్లకు: రాత్రిపూట ఒంటికి ఎన్నిసార్లు లేస్తున్నారో ఇప్పటి నుంచే లెక్కపెట్టుకోండి.