తిరుపతి ఇంట్లో బడి సంవత్సరం: పరీక్షలు, పండుగలు, దర్శనానికి వచ్చే బంధువులు

తిరుపతిలో బడికి వెళ్ళే పిల్లలున్న ఇల్లు ఏడాది పొడవునా రెండు క్యాలెండర్ల ప్రకారం నడుస్తుంది. మొదటిది బడిది. అది సాధారణంగా జూన్ 12న మొదలై ఏప్రిల్ 23తో ముగుస్తుంది. మధ్యలో దసరా, సంక్రాంతి సెలవులు, మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు వస్తాయి. రెండోది కొండది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ద్వార దర్శనాలు, రథసప్తమి, తిరుచానూరు పంచమీ తీర్థం, వీటన్నిటికీ తోడు ఏ వారమైనా దర్శనానికి దిగే బంధువులు దీని కిందికి వస్తారు. పుస్తకాల సంచి రాత్రే సర్దుకోవాలి, పొద్దున్నే లేవాలి అనే సలహాలు ఏ ఊరి ఇంటికైనా సరిపోతాయి. ఈ ఊళ్ళో మాత్రం ఇంటి పద్ధతి చెదిరేది చాలావరకు రెండో క్యాలెండరు వల్ల గనుక, ఆ రెంటినీ ఒకే కాగితం మీదికి తేవడంతో పని మొదలుపెట్టాలి.

జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఒకే కాగితం

దాదాపు ప్రతి ఇంటి గోడకూ దేవస్థానం వారి క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. తిథులు, ఉత్సవాలు చూసుకోవడానికి అది చాలా ఉపయోగం, అయితే బడి పనులు రాసుకోవడానికి కుదరదు. అది జనవరిలో మొదలవుతుంది, బడి జూన్‌లో మొదలవుతుంది. పైగా స్వామి బొమ్మ ఉన్న కాగితం మీద ‘సైన్సు ప్రాజెక్టుకు థర్మోకోల్’ అని రాయడానికి పెద్దవాళ్ళకు చెయ్యి రాదు. అందువల్ల దాని పక్కనే ఒక పెద్ద చార్టు అంటించి, నెలకు ఒక వరుస చొప్పున గీతలు గీసి, ఒక్కో వరుసలో బడి, పండుగ, ఇల్లు అని మూడు గళ్ళు పెట్టుకోవాలి. బడి గడిలో పరీక్షలు, ఫీజు గడువులు, తల్లిదండ్రుల సమావేశాలు. పండుగ గడిలో ఉత్సవాలు. ఇంటి గడిలో గ్యాసు, కరెంటు బిల్లు, పెళ్ళిళ్ళు, రాబోయే బంధువులు ఉండాలి.

పండుగ గడి నింపేటప్పుడు కొంచెం ఓపికగా పంచాంగం చూడాలి. తొమ్మిది రోజుల బ్రహ్మోత్సవాలు ఎక్కువ సంవత్సరాల్లో దసరా సెలవులతోనే కలిసి వస్తాయి కాబట్టి పిల్లల చదువుకు పెద్దగా అడ్డు రావు. అధికమాసం వచ్చిన ఏడాది లెక్క మారుతుంది. 2023లో జరిగినట్టు ఏటా జరిగే సాలకట్ల బ్రహ్మోత్సవాలు సెప్టెంబరులోనూ, నవరాత్రి బ్రహ్మోత్సవాలు అక్టోబరులోనూ విడివిడిగా జరుగుతాయి. మొదటివి నేరుగా బడి రోజుల్లో పడతాయి. ఐదో రోజు గరుడ సేవ నాడు అలిపిరి వైపు దారులన్నీ జనంతో నిండిపోతాయి కాబట్టి, ఆ రోజు వ్యాను ఎంత ఆలస్యంగా వచ్చినా కంగారు పడకుండా ఉండేందుకు, పిల్లలను ఇంటికి తెచ్చే పెద్దమనిషి ఎవరో చార్టులో ముందుగానే రాసిపెట్టాలి. కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలకు దసరా వంటి సెలవులు ఉండవు. వాటి చివరి రోజైన పంచమీ తీర్థం నాడు ఆ దారిలో ఉన్న బడికి వెళ్ళే పిల్లలు మామూలు కంటే బాగా ముందు బయలుదేరాలి.

స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం ఇచ్చే పద్ధతి 2024 డిసెంబరులో మళ్ళీ మొదలైంది. ఊళ్ళో వాళ్ళకు అది గొప్ప సదుపాయమే, కాని మంగళవారం బడి రోజు. కుటుంబమంతా కలిసి వెళ్ళాలనుకుంటే సెలవుల్లో పడే మొదటి మంగళవారాలను జూన్‌లోనే గుర్తుపెట్టుకొని, మిగతా నెలల్లో పెద్దలు మాత్రమే వెళ్ళడం మంచిది.

బంధువుల రాక

అసలు పని ఇక్కడ ఉంది. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానం సుమారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. అంటే మన ఇంటికి ఎప్పుడు వస్తారో బంధువులకు మూడు నెలల ముందే తెలుసు, మనకు మాత్రం రైలెక్కిన తరువాత ఫోనులో తెలుస్తుంది. దీనిని మార్చడానికి ఒకటే దారి: ప్రతి నెలా కోటా విడుదలయ్యే సమయానికి, తరచూ వచ్చే రెండు మూడు కుటుంబాలకు మనమే ఫోను చేయడం. ‘వదినా, ఈసారి టికెట్టు ఏ తేదీకి చూస్తున్నారు? నవంబరు మొదటి వారంలో పెద్దోడికి పరీక్షలు, అవి కాగానే వస్తే పిల్లలు కూడా మీతో కూర్చుంటారు’ అని టికెట్టు కొనకముందు చెబితే అది పిలుపులా వినిపిస్తుంది. అదే మాట టికెట్టు కొన్న తరువాత చెబితే రావద్దన్నట్టు ఉంటుంది, మనసులు నొచ్చుకుంటాయి.

టికెట్టు లేకుండా వచ్చి, రైల్వే స్టేషను ఎదుటి విష్ణు నివాసంలోనో, బస్టాండు ఎదుటి శ్రీనివాసంలోనో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులోనో ఉచిత దర్శనం టోకెన్లు తీసుకునే వాళ్ళ విషయంలో ఏ లెక్కా కుదరదు. టోకెను ఏ వేళకు దొరికితే ఆ వేళకు కొండెక్కాలి, ఏ అర్ధరాత్రో దిగాలి. ఇటువంటి వాళ్ళ కోసం ఇల్లే సిద్ధంగా ఉండాలి. తలుపు తాళం చెవి అదనంగా ఒకటి చేయించి అతిథులకు ఇస్తే, రాత్రి రెండు గంటలకు బెల్లు మోగి, మరునాడు పరీక్ష ఉన్న పిల్ల లేచి కూర్చోవడం తప్పుతుంది. చాపలు, దుప్పట్లు, దిండ్లు, నాలుగు తువ్వాళ్ళు, ఒక ఫోను ఛార్జరు హాలులోనే ఒక పెట్టెలో ఉంచాలి. పిల్లలు పడుకున్న గదిలోని బీరువాను అర్ధరాత్రి తెరవాల్సిన అవసరం రాకూడదు. పిల్లలు చదువుకునే బల్ల హాలులో ఉంటే దానిని ఇప్పుడే లోపలి గదికి మార్చడం మేలు. హాలులో సూట్‌కేసులు దిగిన మరుక్షణం ఆ బల్ల మీద పూలు, అరటిపళ్ళు, ఫోన్లు చేరతాయి.

పొద్దున స్నానాల వరుస ముందు రోజు రాత్రే చెప్పుకోవాలి. ఏడు గంటలలోపు పిల్లలవి అయిపోవాలి, ఆ తరువాత అతిథులవి. మోటారు వేయడం ఎవరి పనో కూడా అప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఇంటి నిండా మనుషులున్న రోజునే ట్యాంకు ఖాళీ అవుతుంది. టిఫిను విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు: బడి ఉన్న రోజు పిల్లల క్యారియర్లు కట్టిన తరువాతే అతిథుల టిఫిను మొదలుపెట్టాలి, పది మంది ఉంటే వీధి చివర నుంచి ఇడ్లీలు తెప్పించుకోవడానికి సిగ్గుపడకూడదు. మర్యాద మధ్యాహ్నం భోజనంలో చూపించుకోవచ్చు.

‘పిల్లలను కూడా పైకి పంపండి, మళ్ళీ సాయంత్రానికి వచ్చేస్తాం’ అనే మాటకు మాత్రం బడి రోజుల్లో ఎప్పుడూ ఒకే జవాబు ఉండాలి. ఒకసారి ఒప్పుకొని ఒకసారి కాదంటే, కాదనిపించుకున్న వాళ్ళకు కోపం వస్తుంది. సాయంత్రానికి వస్తామన్న వాళ్ళు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఎన్ని గంటలు ఉండాల్సి వస్తుందో ఊళ్ళో ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లలను బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకానికి 75 శాతం హాజరు ఉండాలన్న నియమం ఒక మంచి సాకు కూడా, పెద్దవాళ్ళు దానిని కాదనరు. వాళ్ళు తెచ్చే లడ్డూలు వారం పాటు పిల్లల స్నాక్స్ డబ్బాలో కనిపించడం ఈ ఊరి పిల్లలకు మామూలే. రోజుకు సగం లడ్డూ చాలు, మిగతాది డబ్బాలో వేరుశనగలతో నింపాలి.

నవంబరు వానలు

ఈశాన్య రుతుపవనాల వల్ల తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడతాయి, అంటే బడి పూర్తి వేగంతో నడిచే నెలల్లో. 2021 నవంబరులో ఊళ్ళో కాలనీలు మునిగిన సంగతి ఇక్కడి వాళ్ళు మరచిపోలేదు. వాయుగుండం పట్టినప్పుడు కలెక్టరు సెలవు ప్రకటన రాత్రి పొద్దుపోయాక గాని, తెల్లవారుజామున గాని వస్తుంది. అందువల్ల సెలవు వస్తుందన్న ఆశతో సంచి సర్దకుండా పడుకునే అలవాటు పిల్లలకు రానివ్వకూడదు. సర్దిన సంచిని వాడకపోతే నష్టం లేదు. అమ్మానాన్నలు ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో, అటువంటి సెలవు నాడు పిల్లలు ఎవరి ఇంట్లో ఉండాలో అక్టోబరులోనే పక్కింటి వాళ్ళతోనో, అవ్వాతాతలతోనో మాట్లాడి పెట్టుకోవాలి.

యూనిఫారం రెండు జతలు వేసవికి సరిపోతాయి గాని ఈ వానలకు సరిపోవు, మూడో జత కావాలి. ఉతికిన వాటిని రాత్రి ఫ్యాను కింద తాడు మీద ఆరేసి, తేమ మిగిలితే పొద్దున ఇస్త్రీతో పోగొట్టవచ్చు. తడిసిన బూట్లలో పాత దినపత్రికలు కుక్కి, రెండు గంటలకోసారి కాగితం మారిస్తే తెల్లారేసరికి వేసుకునేలా అవుతాయి. పుస్తకాలను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని బడి సంచిలో పెట్టడం గొడుగు కంటే నమ్మకమైన పని.

వంటిల్లు

వారం వంట ఆదివారం సాయంత్రమే ఆలోచించుకుంటే సగం భారం తగ్గుతుంది. ఇడ్లీ పిండి ఆదివారం రుబ్బితే బుధవారం దాకా వస్తుంది. చివరి రోజు పులిసిన పిండిని ఊతప్పంగా పోయవచ్చు. చెనక్కాయల ఊరుబిండి (పచ్చడి) ఒకసారి గట్టిగా రుబ్బి ఫ్రిజ్‌లో పెడితే ఇడ్లీకీ, మరునాడు రాత్రి సంకటికీ పనికి వస్తుంది. క్యారియర్‌కు చిత్రాన్నం, పెరుగన్నం, పప్పన్నం వంటివి ఏ రోజు ఏవో పిల్లలతోనే రాయించి గోడకు అంటిస్తే, పొద్దున వంటింటి గుమ్మంలో జరిగే వాదన ఆగిపోతుంది. చలికాలంలో అనపకాయలు (చిక్కుడు జాతి కాయలు) దిగినప్పుడు పితికిపప్పు లేకుండా ఈ జిల్లాల్లో ఇల్లు గడవదు. గింజలు వలిచి, నానబెట్టి, ఒక్కొక్కటీ పితకడం పెద్ద పని కాబట్టి దానిని శనివారం రాత్రికి పెట్టుకోవాలి. పిల్లలు పళ్ళెం చుట్టూ కూర్చొని ఎక్కాలు అప్పజెబుతూ పితుకుతారు, ఇల్లాలికి నడుము నొప్పి తప్పుతుంది.

ఇంటి పనుల పంపకం గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఎనిమిదేళ్ళు దాటిన వాళ్ళు తమ క్యారియర్ తామే కడగాలి, బూట్లు తామే పాలిష్ చేసుకోవాలి. పొద్దున వ్యాను ఎక్కించడం, డైరీ చూసి సంతకం పెట్టడం నాన్న పనిగా ఉంటే అమ్మకు వంటింట్లో అరగంట మిగులుతుంది. అవ్వాతాతలు ఇంట్లో ఉంటే వాళ్ళకు సాయంత్రం వేళను అప్పగించి, ఆ వేళ నియమాలను వాళ్ళకే వదిలేయాలి.

కాగితాల ఫైలు

ప్రతి బిడ్డకూ ఒక ఫైలు ఉండాలి. అందులో జనన ధ్రువపత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం, బియ్యం కార్డు నకళ్ళు, అపార్ (విద్యార్థి గుర్తింపు) సంఖ్య, పాస్‌పోర్టు ఫోటోలు, ఫీజు రసీదులు, తల్లి బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ నకలు ఉంచాలి. ఆధార్‌లో పిల్లల వేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఐదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళు నిండాక మరోసారి నమోదు చేయించాలి. పదిహేనేళ్ళు నిండేది సరిగ్గా పదో తరగతి చుట్టుపక్కలే కాబట్టి, ఆ పనిని దసరా సెలవుల్లోనే ముగించి, ఆధార్‌లోనూ బడి రికార్డులోనూ పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయేమో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉండడమే ఎక్కువగా ఎదురయ్యే తేడా.

మార్చి తరువాత

ఒంటిపూట బడులు మొదలైన రోజు నుంచి ఇంటి గడియారం మారుతుంది. బడి 7:45కు మొదలై మధ్యాహ్నం 12:30కు ముగుస్తుంది గనుక క్యారియర్ పని తగ్గుతుంది గాని, పిల్లలు మండుటెండలో ఇల్లు చేరతారు. ఇంట్లో పెద్దలు లేకపోతే తాళం చెవి, మజ్జిగ, మూతపెట్టిన అన్నం ఎక్కడుంటాయో మొదటి రోజే చూపించాలి. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో పరీక్షలు జరిగే మార్చి నెలంతా బంధువులకు గడి మూసి ఉంచాలి. మే నెలలో గంగమ్మ జాతర ఉంది, అప్పుడు ఎంతమంది వచ్చినా ఇల్లు తట్టుకుంటుంది.

చివరి పరీక్ష అయిన వారంలోనే మిగిలిన నోటు పుస్తకాల్లోని తెల్ల కాగితాలు కుట్టించి చిత్తు పుస్తకాలు చేసుకోవాలి, పొట్టివైన యూనిఫారాలు చిన్నవాళ్ళకు ఇవ్వాలి. కొత్తవి కొనడానికి జూన్ మొదటి వారం దాకా ఆగితే గాంధీ రోడ్డులో కాలు పెట్టే చోటు ఉండదు, కాబట్టి పుస్తకాల అట్టలు, క్యారియర్లు, సంచులు మే నెలాఖరులోనే తెచ్చుకోవాలి. బూట్లు మాత్రం బడి తెరిచే ముందు రోజుల్లోనే, సాయంత్రం పూట, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి కొనాలి.