మిర్చి అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా? ముందు ఈ లెక్క వేయండి

మార్చి వచ్చిందంటే గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాను అందరూ అడిగేది ఒకటే: "ధర పెరుగుతుందా?" నాకు తెలియదు. తెలిస్తే ఇంకొకరి చిట్టాలు రాస్తూ ఎందుకు కూర్చుంటాను? ఎంత పెరిగితే గిట్టుతుంది, పడితే ఎంతవరకు తట్టుకోగలరు అని అడగండి, లెక్క వేసి చెబుతాను.

ముందు సాగు ఖర్చును పక్కన పెట్టండి. "ఎకరాకు ఇంత పోశాను, ఈ ధరకు ఎలా అమ్మేది?" అంటారు. బాధ న్యాయమైనదే. కానీ ఆ డబ్బు అమ్మినా తిరిగిరాదు, దాచినా తిరిగిరాదు. కొనే వ్యాపారి మచ్చులో రంగు, తేమ చూస్తాడు గాని మీ పురుగుమందుల బిల్లు చూడడు. వచ్చే ఏడు మిర్చి వేయాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు ఆ బిల్లు తీయండి.

ఇప్పుడు కాగితం తీసుకోండి. నేటి ధర క్వింటాలుకు 12,000 రూపాయలు, ఆరు నెలలు దాచాలి అనుకుందాం. రెండు రూపాయల వడ్డీకి అప్పు ఉంటే ఆరు నెలలకు 1,440. అద్దె టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, 200 అయితే, నలభై కిలోల టిక్కీలు క్వింటాలుకు రెండున్నర కాబట్టి 500. హమాలీ, రవాణా 150. మొత్తం 14,090. తరుగు కింద రెండు కిలోలు పోతే కాటాకు వచ్చేది 98 కిలోలే. అంటే ధర దాదాపు 14,380కి చేరితే గాని ఈ రోజు అమ్మినదానితో సమానం కాదు. అంకెలు ఉదాహరణకే, మీ అద్దె, మీ వడ్డీ వేసుకోండి.

అప్పు లేని పక్క రైతు సంగతి వేరు. అమ్మిన డబ్బు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే ఆరు నెలలకు వచ్చేది 420. ఆయన వదులుకునే వడ్డీ అంతే కాబట్టి 13,340 దగ్గరే గట్టెక్కుతాడు. అదే కాయ, అదే స్టోరేజీ, తేడా వెయ్యి రూపాయలు. "ఆయన పెట్టాడు, నేనూ పెడతాను" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

అప్పున్న రైతు లెక్కనే ముందుకు లాగుదాం. ధర 16,000కి పెరిగితే, ఈ రోజు అమ్మి అప్పు తీర్చినదానికంటే క్వింటాలుకు 1,590 ఎక్కువ మిగులుతుంది. 9,000కి పడితే 5,270 తక్కువ. పెరుగుదల నాలుగు వేలు, పతనం మూడు వేలే. అయినా దెబ్బ లాభానికి మూడింతలు దాటింది. మూడేళ్లు ఇలాగే పెరిగి ఒక్క ఏడాది పడినా నికరంగా నష్టమే. పడదులే అనకండి. 2023లో ఇరవై వేలు దాటిన తేజ రకం 2025 ఫిబ్రవరికి ఎంతగా పడిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. పాత నిల్వలు పేరుకుని ఉండటమూ ఆ పతనానికి ఒక కారణమే.

అందుకని అంతా అమ్మమని కాదు. జూన్‌లో తప్పక కట్టాల్సినవి రాయండి: కౌలు, విత్తనం, పిల్లల ఫీజులు, ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు. అంత మేరకు మే నెల వేసవి సెలవులకు యార్డు మూతపడకముందే అమ్మేయండి. మిగిలిన దాంట్లో రంగు బాగున్నది, బాగా ఆరినది మాత్రమే లోపలికి పంపండి. తేమ కాయను దాచడం డబ్బు పెట్టి బూజు కొనుక్కోవడమే. పంపిన రోజే రెండు అంకెలు, ఒక తేదీ రాసుకోండి: ఈ ధర వస్తే సగం తీస్తాను, ఈ ధరకు పడితే మొత్తం తీస్తాను, ఏది ఎలా ఉన్నా డిసెంబరు దాటను. జనవరిలో కొత్త కాయ దిగడం మొదలైతే పాతదాన్ని అడిగేవాళ్లు తగ్గుతారు.

సరుకు పెట్టినందుకు కోల్డ్ స్టోరేజీ ఇచ్చే రసీదు, అంటే బాండు, మీద బ్యాంకులో అప్పు తీసుకుంటే, ధర పడినప్పుడు బ్యాంకు అదనంగా ఎంత కట్టమంటుందో, ఎన్ని రోజుల గడువు ఇస్తుందో సంతకానికి ముందే అడగండి. కోల్డ్ స్టోరేజీలు తగలబడిన సందర్భాలూ ఉన్నాయి. బీమా మీ సరుకుకు వర్తిస్తుందా, భవనానికేనా, ఏ ధరకు లెక్కగడతారు అన్నది పాలసీ నకలు తీసుకుని చూడండి. "ఉందిలెండి" అన్న జవాబుకు బాండు పుచ్చుకుని రాకండి.