సోఫాలో బాస్ వినపడట్లేదా? కొత్త సబ్‌వూఫర్ కొనే ముందు లేచి నాలుగడుగులు వేయండి

తక్కువ బడ్జెట్‌లో సబ్‌వూఫర్ (బాస్ మోగించే పెద్ద స్పీకర్, ముద్దుగా సబ్) తెచ్చుకున్నవాళ్లు నెల తిరక్కుండానే అనే మాట ఒకటే: "దీంట్లో దమ్ము లేదండీ, పన్నెండు అంగుళాలది తీసుకోవాల్సింది." దాన్ని అయినకాడికి అమ్మేసి పెద్దది తెస్తారు. అదీ అంతే. ఈలోగా మొదటి సబ్‌కి అసలు రోగం ఉందా అని చూసినవాళ్లు ఉండరు. వైర్లు కలపడం, రిసీవర్ (స్పీకర్లన్నిటికీ సౌండ్ పంచే డబ్బా) మెనూ తెరవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అస్సలు మోగట్లేదు, లేదా అంతంత మాత్రం

ముందు సబ్ వెనక చూడండి. దానికి సొంత కరెంటు ప్లగ్గు ఉందా? పాత హోమ్ థియేటర్ సెట్లలోంచి విడదీసిన వూఫర్లలో చాలావాటికి లోపల ఆంప్లిఫైయర్ ఉండదు. దాన్ని నేరుగా రిసీవర్ సబ్ ప్రీ-అవుట్‌కి (ఆంప్లిఫై చేయని సన్నటి సిగ్నల్ వచ్చే సాకెట్) కలిపితే జన్మలో మోగదు.

ప్లగ్గు ఉంటే రిసీవర్ మెనూలోకి వెళ్లండి. టీవీ పక్కనుండే ముందు స్పీకర్లు 'లార్జ్' అని ఉంటే 'స్మాల్'కి మార్చి, క్రాసోవర్ (ఏ సౌండ్ నుంచి కిందికి సబ్‌కి పోవాలో తేల్చే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. ఆటో కాలిబ్రేషన్ (మైకు పెట్టి రిసీవర్ తనంతట తాను స్పీకర్లని సరిచూసుకోవడం) చేశాం కదా అని ఇది చూడరు. నిలువు స్పీకర్లు కనపడితే చాలు, ఆ కాలిబ్రేషన్ 'లార్జ్' అని రాసేసుకుంటుంది, బాస్ అంతా సబ్‌కి పోకుండా వాటిలోనే ఉండిపోతుంది. సబ్ మీద ఉన్న క్రాసోవర్ నాబ్‌ని మాత్రం చివరిదాకా తిప్పేయండి, ఆ పని రిసీవర్ చేస్తోంది కాబట్టి రెండోసారి అక్కర్లేదు. టీవీ నుంచి ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని రిసీవర్‌కి పంపే హెచ్‌డీఎంఐ దారి) ద్వారా సౌండ్ వస్తుంటే, టీవీ ఆడియో సెట్టింగులో 'పీసీఎం' తీసి 'బిట్‌స్ట్రీమ్' లేదా 'పాస్‌త్రూ' పెట్టండి. పీసీఎంలో చాలాసార్లు సౌండ్‌ని రెండు స్పీకర్ల స్టీరియోకి కుదిస్తారు, అలా కుదించినప్పుడు 5.1లోని ఆ '.1' బాస్ ట్రాక్‌ని చాలావరకు వదిలేస్తారు.

రాత్రి తక్కువ సౌండ్‌లో సబ్ నిద్రపోతోంది

సబ్ మీదున్న వాల్యూమ్ నాబ్ బాగా పెంచి ఉంటే కాలిబ్రేషన్ రిసీవర్‌లో సబ్ లెవెల్‌ని మైనస్ 10, మైనస్ 12 దాకా దించేస్తుంది. అప్పుడు వెళ్లే సిగ్నల్ మరీ సన్నంగా ఉండి, ఆటో స్టాండ్‌బై (సౌండ్ లేనప్పుడు సబ్‌ని పడుకోబెట్టి, వచ్చినప్పుడు లేపేది) మేలుకోదు. ఆ వాల్యూమ్ నాబ్ తగ్గించి కాలిబ్రేషన్ మళ్లీ చేయండి. లేదా ఆటో తీసేసి 'ఆన్'లో పెట్టేయండి, గొడవ వదులుతుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, సోఫాలో మాత్రం బాస్ లేదు

జనాన్ని, నన్ను కూడా, ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. సబ్ ముందు చెయ్యి పెడితే గాలి తగులుతుంది. కింది పోర్షన్ వాళ్లు పైకొచ్చి కాస్త తగ్గించమంటారు. డబ్బు పెట్టినాయనకి మాత్రం ఏమీ వినపడదు.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, రిసీవర్ ద్వారా 40 హెర్ట్జ్ టోన్ వేయండి. సోఫాలోంచి లేచి వెనక గోడ దాకా మెల్లగా నడవండి. నడుస్తుంటే బాస్ పొంగుకొస్తే మీ సబ్‌కి ఏ రోగమూ లేదు, మీరు కూర్చున్న చోటే తప్పు. 40 దగ్గర తేడా తెలియకపోతే 30 నుంచి 80 దాకా ఒక్కో టోన్ మార్చి చూడండి.

ఎందుకిలా అంటే, గోడకు కొట్టుకుని తిరిగొచ్చిన బాస్, కొత్తగా వస్తున్న బాస్ కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. 14 అడుగుల హాలు తీసుకోండి. ఆ పొడవుకి మొదటి రెజొనెన్స్ (గోడల మధ్య సౌండ్ ఊగిపోయే స్థాయి) సుమారు 40 హెర్ట్జ్. గోడల దగ్గర అది హోరుమంటుంది, సరిగ్గా నడిమధ్యలో దాదాపు సున్నా. మన ఫ్లాట్లలో వెనక డైనింగ్ టేబుల్, ముందు టీవీ, మధ్యలో సోఫా. అంటే ఏరికోరి ఆ సున్నా మీదే కూర్చుంటున్నాం. ఇటుక, కాంక్రీటు గోడలు బాస్‌ని పెద్దగా మింగవు కాబట్టి ఈ ఎగుడుదిగుళ్లు ఇంకా గట్టిగా తెలుస్తాయి.

వాల్యూమ్ పెంచితే? సబ్ నుంచి వచ్చేదీ పెరుగుతుంది, తిరిగొచ్చేదీ పెరుగుతుంది, రెండూ అలాగే చంపుకుంటాయి. పెద్ద సబ్‌కి వర్తించేదీ ఇదే. ఈక్వలైజర్ కూడా ఈ గుంటని పూడ్చలేదు, సబ్‌కి ఊరికే ఆయాసం.

సోఫా జరపగలిగితే మధ్య నుంచి అడుగున్నర, రెండడుగులు వెనక్కో ముందుకో జరపండి. పైసా ఖర్చు లేదు. జరపలేకపోతే సబ్ జరపాలి, కానీ గుడ్డిగా కాదు. సబ్‌నే ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా టోన్లు వేస్తూ, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ, చెవిని సబ్ ఉండబోయే ఎత్తులో ఉంచి వినండి. అన్ని టోన్లూ ఇంచుమించు సమానంగా వినపడే చోటే సబ్‌కి స్థానం. బాగా గట్టిగా వినపడే చోటు ఎంచుకోకండి. అది ఎక్కువగా మూలే అవుతుంది, అక్కడ ఒక్క స్వరమే ఊదరగొడుతుంది. చోటు మారాక కాలిబ్రేషన్ మళ్లీ చేసి, 80 హెర్ట్జ్ టోన్‌ని ముందు స్పీకర్లతో కలిపి వేసి, సబ్ వెనకుండే ఫేజ్ స్విచ్చిని (స్పీకర్లతో సబ్ తాళం కలిపేది) 0, 180 రెండింట్లో ఏది సోఫాలో గట్టిగా ఉందో అందులో ఉంచండి.

మిగతావి

బుర్రుమని హమ్ వస్తుంటే డీటీహెచ్ లేదా కేబుల్ వైరు పీకి చూడండి, ఆగితే దారి అదే. దానికి ఐసొలేటర్ (ఆ హమ్‌ని అడ్డుకునే చిన్న పరికరం) పెట్టించండి. అంతేగానీ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టొద్దు. ఫోమ్ అంచు పొడిపొడిగా రాలడం, ఫ్యూజు పోవడం, పోర్టులో పిల్లల బొమ్మ ఇరుక్కోవడం ఎప్పుడో ఒకటి. చూస్తే తెలిసిపోతుంది.

ఇంత చేసినా చాలకపోతే

అప్పుడు కొనండి. పీఎంపీఓ వాట్లు (డబ్బా మీద గొప్పకి వేసే అంకె) చూడకండి, ఆర్ఎంఎస్ వాట్లు (నిలకడగా ఇచ్చే పవర్) అడగండి. అది రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. డబ్బా బుల్లిగా ఉండి, లోతైన బాస్ ఇచ్చి, గట్టిగా మోగే సబ్ చవక ధరలో ఉండదు. సోఫా జరపలేక, ఒక్క సబ్‌కి సరైన చోటూ దొరకని హాలైతే, పన్నెండు అంగుళాలది ఒకటి కన్నా పది అంగుళాలవి రెండు మేలు, ఎదురెదురు గోడల దగ్గర, ఒక్కో గోడ నడిమధ్యలో ఒక్కోటి. ఆడియో కంపెనీ హార్మన్‌లో పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో ప్రచురించిన పరిశోధనలో కూడా సీటు సీటుకీ తేడా తగ్గించే అమరికల్లో ఇదొకటి. ఇప్పటికే ఒక సబ్ ఉంటే దాన్ని అమ్మకండి. అదే మోడల్ ఇంకొకటి దొరుకుతుందేమో కనుక్కోండి.