దగ్గరి కొండబాటలో నడక, దాన్ని నిలబెట్టుకునే పని

బయల్దేరే ముందు నేను లెక్క వేసుకుంటాను. చదునులో సుమారు 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇది. ఫొటోలకు ఆగే నాలాంటివాళ్లు మరో అరగంట కలుపుకోవాలి. నీళ్లు గంటకు అర లీటరు, ఎండైతే ఎక్కువ. సగం అయిపోతే వెనక్కి తిరగడమే, శిఖరం ఎక్కడికీ పోదు.

బురద కనిపిస్తే పక్క గడ్డి మీదికి దిగకండి. కొత్త బూట్ల మీద ప్రేమతో నేనూ చాలాసార్లు దిగాను. అందరూ అలా దిగితే బాట వెడల్పై, గడ్డి చచ్చి, వానకు మట్టి కొట్టుకుపోతుంది. బూట్లు కడుక్కోవచ్చు.

ఇక ఆ బాట ఉన్న పార్కుకు నిధులు కోసేస్తారనో, స్థలం అమ్మేస్తారనో వింటే, అభ్యంతరాలు పంపడానికి చివరి తేదీ ముందు కనుక్కోండి. అది దాటితే ఎంత మంచి ఉత్తరమైనా వృథా. నమూనా ఉత్తరం కింద సంతకం పెట్టేకంటే, ఏ బాటలో, ఎన్నేళ్లుగా, ఎవరితో నడుస్తున్నారో మీ మాటల్లో రాయండి. గేటు దగ్గర రిజిస్టరు ఉంటే పేరు రాయండి. ఎవరూ రావట్లేదనే వాదనకు ఆ పేజీలే జవాబు. బాట బాగుచేసే బృందంతో నెలకో పూట గడపండి. మొదటిసారి నాకు నడుం పట్టేసింది. రెండోసారికి గడ్డపార పట్టుకోవడం వచ్చింది.